ముక్కు జీతం

ముప్పై ఏడు శీతాకాలాలు
నా ముక్కుకే జీతం ఇచ్చారు.
చేతులు ఊరికే దాని వెంట నడిచేవి.

యావతహామా కొండవాలు మీద మట్టిగోడల గోదాం.
చెక్క తట్టల్లో మికాన్ పళ్ళు.
తెల్లారగట్ల నాలుగింటికి దీపం వేయకుండా లోపలికి పోయేదాన్ని.
కళ్ళకి ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుంది:
ముందు నీళ్ళలో నానినట్టు ఓ మచ్చ,
మర్నాటికి తెల్లని నూగు,
ఆ మర్నాటికి పచ్చటి పొడి.
ఊపిరి తగిలితే చాలు, తట్ట తట్టంతా అంటుకునే పొడి.
నాకు మచ్చ కంటే ముందే తెలిసేది.
తడిసిన పాత గొంగళి వాసన, అడుగున కాస్త తీపి.
"ఏడో వరస, కింది నుంచి మూడోది" అనేదాన్ని.
తీసి చూస్తే దొంగ అక్కడే ఉండేది.

నిరుడు మినెగిషి గారబ్బాయి వచ్చాడు,
పరిశోధన కేంద్రం నుంచి, చలికి చెవులు ఎర్రబడి.
సంచీ నిండా వేలెడంత కాగితం పొట్లాలు.
లోపల ఏముంది బాబూ అంటే
వసాబి ఊపిరి, తోకియే గారూ, అన్నాడు.
వాగు ఒడ్డున మా అమ్మ పెరికి తెచ్చి
చేపముక్క పక్కన అరగదీసిన దుంపే!
పండుని తాకదట, తడపదట,
గాల్లో తిరుగుతూ
బూజు మొలకెత్తకుండా కాపలా కాస్తుందట.

ఎంత పెట్టాలి?
లెక్కలు చూపించాడు.
మొదటి విడతకి తొక్కల మీద గోధుమరంగు పొక్కులు లేచాయి.
రెండో విడతకి పుస్తకం మూసి నా వైపు చూశాడు.
గుమ్మంలో నిలబడ్డాను.
కళ్ళు చెమర్చితే ఎక్కువ.
ముక్కు దూలం దగ్గర చీమ పాకినట్టుంటే సరి.
పన్నెండు పొట్లాలు తీసేయించాను.

ఫిబ్రవరి దాటినా పళ్ళ బిగువు సడలలేదు.
అందరూ నాకు టీ పోశారు.
నాలుగింటికి మెలకువ మాత్రం మానలేదు.
చీకట్లో నిలబడితే అంతటా ఒకటే ఘాటు.
ఏడో వరసకీ రెండో వరసకీ తేడా లేదు.
ఇంటికొచ్చి అన్నం మాడుతున్నా
కాసేపటికి గానీ పోల్చుకోలేదు.

మార్చి మొదట్లో ఒకనాడు
వెనక స్తంభం చాటున, ఘాటు చేరని మూలన,
తడిసిన గొంగళి. అడుగున తీపి.
వేలు పెడితే మెత్తగా దిగింది.

ఎవరికీ చెప్పలేదు.
గిన్నెలో పెట్టి మూతేసి ఇంటికి తీసుకెళ్ళాను.
రెండు రాత్రులు మూత తీసి చూసుకున్నాను,
కళ్ళతో కాదు.
మూడో రోజు పెరట్లో లోతుగా పూడ్చి,
చేతులు మోచేతుల దాకా కడుక్కుని,
గోదాంకి పోయాను,
ఆ స్తంభానికి ఇంకో పొట్లం కట్టాలి.