ఎట్లా పిలుస్తారు

వారాసిగూడ మూడో గల్లీ, డాక్టర్ సుగుణాకర్ క్లినిక్‌కి
నేను మొదటిసారి వెళ్ళింది వాన వెలిసిన మర్నాడు.
బ్యాగులో ఒక పాత లాప్‌టాప్,
చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో బేరమాడి కొన్నది,
షిఫ్టు మీట సగం ఊడినది.

నాలా నీళ్ళు రాత్రి లోపలికొచ్చి
కింది అరలోని ఇరవై ఏళ్ళనీ తడిపి వెళ్ళాయట.
కాంపౌండర్ జహంగీర్ సాబ్
గల్లీకి అడ్డంగా తాడు కట్టి
కాగితాలు ఆరేస్తున్నాడు.
బట్టల క్లిప్పుల నోళ్ళలో
ఒకరి షుగరు, ఒకరి క్షయ,
ఎనిమిదో నెలలో ఆగిన ఒకరి బిడ్డ.
కూరగాయల బండి ఆపి ఎవరో చదువుతున్నారు.
ఒకామె వచ్చి, అటూ ఇటూ చూసి,
ఇంకా తడిగా ఉన్న తన కాగితం తెంపుకొని
కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

బట్టీపట్టి తెచ్చిన మాటలేవీ
ఆ రోజు చెప్పలేదు నేను.
ఓ చివర నిలబడి క్లిప్పులు అందించాను.

తర్వాతి వారం లెక్క చెప్పాను:
నెలకు మూడు వందలు. రోజుకు పది.
డాక్టరు కళ్ళజోడు పైకి తోసి
"చాయే పదిహేనైంది కదమ్మా" అన్నాడు.
ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు.
అంతలో తొంభై ఎనిమిది నాటి తన చీటీ ఒకటి చదవబోయి,
చదవలేక,
మందుల షాపు పిల్లాణ్ణి కేకేశాడు.
అదే ఒప్పుకోవడం.

అసలు అడ్డం జహంగీర్ సాబే.
"అంతా నా దిమాగ్ల ఉంది బేటీ,
ఈ డబ్బాల ఏముంటది?"

పేరు, వయసు, ఫోను. నా తెర మీద మూడే గళ్ళు.
లక్ష్మి అని కొడితే నలభై ఒక్కమంది వచ్చారు.
ఆయన నవ్వి, వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు:
పిండి గిర్నీ లక్ష్మి. రైల్వే క్వార్టర్ల లక్ష్మి.
చెవిటామె కాదు, చెవిటాయన భార్య లక్ష్మి.
సూదంటే ఏడ్చే లక్ష్మి, ఇప్పుడామెకి అరవై.
ఎర్రదారం లక్ష్మి.
"దారమేంటి సాబ్?"
"పెన్సిలిన్ పడదు. ఫైలుకు కట్టిన.
మొన్నటి నీళ్ళల్ల ఆ దారం ఎటో కొట్కపోయింది.
నాకు యాదున్నది గానీ,
నేను లేకుంటే?"
తన ప్రశ్న తానే విని ఆగిపోయాడు.
ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

ఆ రాత్రి ఆఫీసుకు ఫోన్ చేసి
కొత్త గడి ఒకటి కావాలన్నాను.
లక్ష్ముల గురించి చెప్పాను.
వాళ్ళకు అర్థం కాలేదు, అయినా ఇచ్చారు.
దాని పేరు: ఎట్లా పిలుస్తారు.

రెండు నెలలు, క్లినిక్ మూసేశాక,
ఆయన చెప్పడం, నేను కొట్టడం.
కరెంటు పోతే సెల్‌ఫోన్ వెలుగులో.
ఒక తాతకు ఆరో నెల అని నమోదైంది,
డాక్టరు వారం రోజులు నవ్వాడు.
షిఫ్టు మీట మొండికేస్తే ళ బదులు ల పడేది:
కల్ల మంటలు, కాల్ల వాపులు, నీల్ల విరేచనాలు.
దిద్దబోతే జహంగీర్ సాబ్ అన్నాడు,
"ఉండనీ, మనోల్లు అనేది గట్లనే గదా."

ఎర్రదారం లక్ష్మి పేరు తెరిస్తే ఇప్పుడు
పైన ఒక ఎర్ర గీత వస్తుంది.
ఆయన దాన్ని దారమనే అంటాడు.

మొన్న ఆమె వచ్చింది,
కాగితం తెంపుకెళ్ళినామె.
"దీంట్ల రాస్తే ఎవరెవరు సూస్తరు?"
డాక్టరు గారు, ఈయన, అన్నాను.
"మరి నువ్వు?"
ఇన్నాళ్ళూ చూశానమ్మా.
రేపు పాస్‌వర్డ్ మార్చి వాళ్ళకిచ్చి వెళ్ళిపోతాను.
చాలాసేపు నన్నే చూసింది.
తర్వాత పర్సులోంచి తీసి
మడత మడతకీ చిరిగిన కాగితం బల్ల మీద పెట్టింది.
సిరా సగం పోయింది. తేదీ మిగిలింది.
ఆ తేదీ నాకు చదివి వినిపించింది ఆమే,
కాగితం చూడకుండా.

చివరి గడి దగ్గర ఆగి అడిగాను.
"గల్లీల ఏదేదో అంటరు, అది రాయకు.
మా అవ్వ బుజ్జమ్మా అనేది.
గది రాయి."

ళ లేని పేరు.
ఒక్క తప్పు లేకుండా పడింది.