అరగంట పాఠం

శనివారం మూడింటికి పడవలు అద్దెకిస్తాం.
తెల్లటి ప్లాస్టిక్ పడవలు, ఒక్కోదానికి ఒక్కో పిట్ట పేరు.
గట్టుకి గుద్దుకున్నా దెబ్బ తగలకుండా
చుట్టూ రబ్బరు దిండ్లు.
లైసెన్సు అక్కర్లేదు, నా పాఠం చాలు.
ఆ అరగంటా ఇరవై రెండేళ్ల గురువుని నేను:
"ఇది ముందుకి, ఇది వెనక్కి,
బ్రేకు లేదు, ఓపిక ఉంది."
ఈ మాటకి అందరూ నవ్వుతారు.
వారానికి తొమ్మిదిసార్లు నవ్విస్తాను.

ఆయన నవ్వలేదు. ఒమేర్ దెల్‌బెక్, ఎనభై నాలుగు.
వెంట మనవరాలు అపోలీన్,
ఒక బుట్టనిండా రేగడి మట్టి అంటిన ముల్లంగి.
ఫారంలో పుట్టిన ఊరు దగ్గర కలం ఆగింది,
తర్వాత ఏదో రాశాడు.
పడవ నడిపిన అనుభవం: ఉంది, లేదు.
లేదు పక్కన గీత పెట్టాడు.

కాబట్టి మొత్తం చెప్పాను, గట్టిగా, విడమర్చి, చెవుడేమోనని.
"లాకులో నీళ్లు దిగేటప్పుడు తాడు ముడెయ్యకండి,
పడవ గోడకి వేలాడిపోతుంది.
గుంజకి ఒక చుట్టు చుట్టి చేత్తో పట్టుకోండి,
నీళ్లు దిగేకొద్దీ వదులుతూ ఉండండి."
"మంచి మాట," అన్నాడు, "పిల్లకి ఇంకోసారి చెప్పు."
చెప్పాను.

మంగళవారం లాకు దగ్గర్నుంచి యుగెట్ ఫోను:
"ఆ కొంగ పడవలో ఎవడ్రా?"
ఏం పాడు చేశారో అనుకున్నా.
"ఒక్క అల గట్టెక్కలేదు. నా బాతులు కూడా లేవలేదు.
తలుపులు తెరిచేలోగా గోడ పక్కకొచ్చి నిలబడ్డాడు,
పిల్లి వచ్చి కూర్చున్నట్టు.
ఇలా వచ్చేవాళ్లు మా నాన్న రోజుల్లోనే అయిపోయారు."
ఆమెకి పన్నెండు దాటితే భోజనం,
దేవుడొచ్చినా ఒంటిగంట దాకా తలుపు తియ్యదు.
ఆరోజు పన్నెండూ పదికి తీసిందట.

మిగతాది అపోలీన్ ఫోనులో చూశాను.
దిగ్వాన్ దగ్గర, కింద లోయార్ నది, ఇసుక తిన్నెలు,
నది మీద వంతెన, వంతెన మీద కాలువ,
కాలువలో మా కొంగ.
తాత ఇంజను ఆపేశాడు.
గట్టు మీదికి దిగాడు, తాడు భుజాన వేసుకున్నాడు.
ముందుకి వాలాడు.
ఏమీ జరగదు, చాలాసేపు.
ఎవరో సైకిలు మీద వెళుతూ వెనక్కి తిరిగి చూస్తారు.
వెనక పడవ హారను కొడుతుంది.
అప్పుడు నీళ్లమీద సన్నటి ముడత,
పడవ ముక్కు దగ్గర.
"లాగకూడదు," గొంతు వినిపిస్తుంది, "ఆనుకోవాలి.
మా చెల్లీ నేనూ ఇలాగే, కంచరగాడిదకి జబ్బు చేసినప్పుడు.
వెనక అమ్మ చుక్కాని పట్టుకుని అంట్లు తోమేది."
పదిహేను అడుగులు, ఇరవై.
వీడియో అక్కడ అయిపోయింది. బ్యాటరీ.

శనివారం తొమ్మిదికి తిరిగొచ్చారు.
గీత లేదు, సొట్ట లేదు, డిపాజిట్ పూర్తిగా ఇచ్చేశాను.
"అనుభవం లేదని రాశారేం?"
"ఇలాంటి దాన్ని ఎప్పుడు నడిపాను?
రెండొందల యాభై టన్నుల మట్టి వేస్తే పడవ మన మాట వింటుంది.
ఖాళీది గాలి మాట వింటుంది.
మొదటి రెండు రోజులు భయమేసింది బాబూ."

పుట్టిన ఊరు సంగతి పిల్ల చెప్పింది.
ఆ ఊళ్లో వాళ్లు ఆగింది మూడు గంటలట,
బొగ్గు దించడానికి.
తర్వాత ఎప్పుడూ ఆ ఊళ్లో దిగలేదట,
ఎన్నోసార్లు దాటాడు గానీ.

శుభ్రానికి అరవై యూరోలు ముందే కట్టించుకుంటాం.
అయినా బకెట్ అడిగి తనే కడిగాడు,
ముందునుంచి వెనక్కి, నీళ్లు వాలువైపు తోస్తూ.
డబ్బు వెనక్కివ్వడానికి మా యజమాని ఒప్పుకోలేదు.
ఒమేర్ అడగనూ లేదు.
గుడ్డ పిండి, దులిపి, కడ్డీ మీద ఆరేసి వెళ్లాడు.

మూడింటికి మళ్లీ కొంగ ఎక్కారు ఎవరో,
నలుగురు, సీసాలు, ఒక గిటారు.
బ్రేకు లేదు అన్నాను, నవ్వారు.
తాడు దగ్గరికి వచ్చేసరికి
నా పాఠం మామూలుకంటే కొంచెం పొడుగైంది.
ఆ గుడ్డ ఏంటని అడిగారు.
అది అక్కడే ఉండనివ్వండి అన్నాను.