పాయింట్ ఐదు

చేతులకైతే సున్నా పాయింట్ సున్నా ఐదు.
శవానికి సున్నా పాయింట్ ఐదు.
ఒక్క సున్నా తేడా.
కోయిడు ఊళ్లో ఆస్పత్రి వెనక
నీలం డ్రమ్ముల్లో క్లోరిన్ కలుపుతూ
ఆ సున్నాని రోజంతా నోట్లో నానబెట్టుకునేవాణ్ణి.

నా పేరు తాంబా. వజ్రాల గుంటల్లో కంకర జల్లించేవాణ్ణి.
ఎబోలా వచ్చాక గుంటలు మూతపడ్డాయి.
శవాలెత్తే జట్టులో చేరితే వారం వారం డబ్బిస్తామన్నారు.
డబ్బు కోసమే చేరాను.
ఊరి కోసం అని చెప్పడం
తర్వాత నేర్చుకున్నాను.

సియా ఇంటికి వెళ్లిన రోజు వాన.
జీపు ఎర్ర బురదలో రెండుసార్లు కూరుకుపోయింది.
ముందు మామూలు బట్టల్లోనే దిగాలి,
ముసుగుల్తో దిగితే పిల్లలు రాళ్లేస్తారు.
గుమ్మం ముందు ఆమె సబ్బూ, కొత్త తువ్వాలూ, నూనె గిన్నే
వరసగా పెట్టుకుని కూచుంది.
లోపల ఫిందా. పంతొమ్మిదేళ్లు.
జడలు సగమే అల్లి ఉన్నాయి.

"నా బిడ్డకి నేనే నీళ్లు పోస్తాను."
కుదరదమ్మా, అన్నాడు ఫాయా.
"కడక్కుండా పంపితే అటువైపు మావాళ్లు రానివ్వరు.
దారిలోనే నిలబడిపోతుంది."
కుదరదమ్మా.
"అయితే నాకూ అంటుకోనీ.
నా ప్రాణం, నా ఇష్టం."

అక్కడ ఆగిపోయాం.
ఆమె ప్రాణం ఆమెదే, కాదనలేం.
కానీ ఆమె లుంగీ కొంగు పట్టుకుని
ఫిందా కొడుకు, మూడేళ్లుంటాయేమో,
కాల్చిన కర్రపెండలం నములుతున్నాడు.
వాడి ప్రాణం ఎవరిష్టం?
బోరింగు దగ్గర బిందెలు పట్టుకుని
మమ్మల్నే చూస్తున్న వాళ్లది?
మాకిచ్చిన పుస్తకంలో
గ్లవుజులు ఎలా విప్పాలో పన్నెండు బొమ్మలున్నాయి.
దీనికి బొమ్మ లేదు.

అప్పుడు నేనన్నాను, నాకే తెలీకుండా:
"మేం కడుగుతామమ్మా, నువ్వు చెప్పినట్టే.
గోడకి ఇవతల నిలబడి చెప్పు,
ముందు ఏది, తర్వాత ఏది."

కుడి చెయ్యి ముందు, అంది.
పంపు కొట్టాను.
మొహం మెల్లగా, అంది.
పంపు కొట్టాను.
చెవుల వెనక మర్చిపోకు,
చిన్నప్పట్నుంచీ అక్కడ రుద్దుకోదు, అంది.
కళ్లద్దాల లోపల మసకేసింది.
తడుముకుంటూ, సగం జడలు పక్కకి తీసి,
చెవుల వెనక కొట్టాను.
తువ్వాలుతో తుడిచావా?
తుడిచానమ్మా.
నూనె?
రాశానమ్మా.
మడత విప్పని తువ్వాలూ, నిండు గిన్నే
ఫిందాతో పాటే సంచిలోకి వెళ్లాయి.
జిప్పు లాగాం.

తిరుగు దారిలో ఫాయా అడిగాడు,
"నువ్వు చేసింది జాలా, మోసమా?"
రెండూ ఒకే డ్రమ్ములో పోశాను,
ఏది ఎంత పడిందో చూసుకోలేదు, అన్నాను.
అతను నవ్వలేదు. నేనూ నవ్వించాలనుకోలేదు.

జబ్బు పోయిందని రేడియో చెప్పిన రాత్రి
జనం వీధుల్లో గిన్నెలు వాయించారు,
ఏడాదిగా దాచుకున్న చేతులన్నీ కలుపుకున్నారు.
నా చెయ్యి మిగిలింది.
ఇప్పటికీ టీ కొట్టు కొరోమా
చిల్లర బల్ల మీద పెట్టి వేలితో తోస్తాడు.
మమ్మల్ని వీరులన్న బోర్డు మాత్రం
ఆస్పత్రి గేటు దగ్గర వానకి వెలుస్తోంది.

మొన్న బజార్లో సియా.
ఉల్లిపాయలు కుప్పలు పోసి అమ్ముతోంది.
పక్కన పిల్లాడు, పళ్లూడిన నోటితో లెక్కలు చెబుతున్నాడు.
గుర్తుపట్టి, నా రెండు చేతులూ పట్టుకుంది.
"నా బిడ్డని కడిగిన చేతులు," అంది
పక్క కొట్టావిడకి చూపిస్తూ.
చెబుదామని నోరు తెరిచాను.
వాడు నా వైపే చూస్తున్నాడు,
ఎన్ని కుప్పలు కావాలి అని.

"చెవుల వెనక కూడా కడిగావు కదూ?"
కడిగానమ్మా, అన్నాను.

డబ్బు తీసుకోలేదు.
ఆ ఉల్లిపాయలు కిటికీలో ఉన్నాయి,
పచ్చగా మొలకలేశాయి.
కోయాలంటే కత్తి దొరకదు.