ఇంజను చల్లారేలోపు

పున్నమి ఘాట్‌లో లాంచీ ఆగితే
మావాళ్ళు ఇచ్చేది గంటన్నర.
దిగేవాళ్ళు దిగుతూనే నన్నడుగుతారు,
ఇక్కడ మంచి భోజనం ఎక్కడని.
నేను చెయ్యి చాపుతాను
కట్ట మీది ఏసీ హోటలు వైపు.
పదకొండేళ్ళుగా అదే చెయ్యి, అదే వైపు.
చాపినందుకు నెలాఖరున
ఓ బిర్యానీ పొట్లం ఊరికే వస్తుంది.
మా వీధికుక్క దాన్ని రెండోసారి వాసన చూడదు.

ఆ రోజు దిగినాయన అడగలేదు.
బట్టతల, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ.
మైలపల్లి నూకరాజు అని టిక్కెట్టులో ఉంది.
ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో వంటవాడట.
రేవు రేవులో దిగి, సైరన్ మోగేలోపు
కాలినడకన పోయి ఆ ఊరి కూడు తిని రావడం
తనకి జీతం మీద జీతం అన్నాడు.

"ఎవుర్నీ అడక్కూడదు బావూ.
అడిగితే నీకు నచ్చీది సెప్తారు,
ఆళ్ళు తినీది సెప్పరు.
మూటలు దించినోడు సెమట తుడుసుకుని
ఎటు నడుస్తాడో సూడు."

ఇసుక లారీ దగ్గర్నించి ఇద్దరు కదిలారు,
భుజాన తడి తువ్వాళ్ళు.
ఆయన వాళ్ళ వెనక. నేను ఆయన వెనక, ఎందుకో.
ఏసీ హోటలు దాటుతుంటే
బాకీ ఉన్న చుట్టాన్ని చూసినట్టు తల తిప్పుకున్నాను.
భవానీపురం లారీల వెనక, గ్రీజు వాసన వెనక
పంచర్ల కొట్టు, ఉప్పు బస్తాల గోడౌను,
ఆ గోడౌను పక్క సందులో
పదకొండేళ్ళలో నేను ఒక్కసారీ తిరగని మలుపు.

నీలం పట్టా కింద రెండు బల్లలు.
బోర్డు లేదు. ధరల పట్టీ లేదు.
గోడ మీద బొగ్గుతో అప్పులు మాత్రం ఉన్నాయి:
క్లీనర్ బాజీ నూట నలభై, పొట్టి డ్రైవరు అరవై.
నూకరాజు ఆ గోడంతా చదివాడు.
"అప్పెట్టే కొట్టు. రేపూ ఇక్కడే తింటారన్నమాట."

"అయిపోయింది నాయనా" అంది సైదమ్మ
తెడ్డుతోనే పొమ్మన్నట్టు.
"పొద్దున మా ఆయన వల్లో చేదుపరిగెలు పడ్డాయి,
మామిడికాయేసి పులుసు పెట్టా.
డ్రైవర్లు ఊడ్చేశారు.
అడుగున నాకుంచుకుందే ఉంది."

ఆయన దబరలోకి వంగి
కళ్ళు మూసుకుని పీల్చాడు.
"మెంతులు నూనెలో ఎయ్యలేదు.
యిడిగా ఏపి దంచేవు కదమ్మా."

తెడ్డు ఆగింది.
దంచే సంగతి ఆవిడ కోడలిక్కూడా చెప్పలేదట.
రెండు కంచాలు దిగాయి.
మూడోది తనే వడ్డించుకుని ఎదురుగా కూచుంది.

ఎరుపు ముదిరి నల్లబడిన పులుసు.
చేపంతా కలిపి చూపుడువేలంత,
ముల్లుని నాలుకే వెతుక్కోవాలి.
కారం మొదట పలకరించదు,
మూడో ముద్దకి చెవుల వెనక నిలబడి పిలుస్తుంది.
గుప్పిట గుద్దుకి విచ్చుకున్న ఉల్లిపాయ,
మజ్జిగ చెంబులో ఇంకా కరగని ఉప్పుగల్లు.

రోజుకి ఆరు ట్రిప్పులు ఈ కృష్ణ మీదే తిరుగుతాను.
దీని రుచి నాకు చెప్పడానికి
విశాఖ రేవు నుంచి ఒకడు రావలసి వచ్చింది.

లాంచీ కూత వేసింది.
మళ్ళీ వేసింది.
నూకరాజు కంచం అంచు వేలితో తుడుస్తున్నాడు,
ఓడలో ఇంకా సగం సరుకు దించాల్సుందన్నట్టు.
తాడు విప్పాల్సినవాణ్ణి నేనే.
లేవలేదు.

డబ్బిస్తే సైదమ్మ పుచ్చుకోలేదు.
బొగ్గు ముక్క తీసి, పేరడక్కుండా
గోడ మీద రాసుకుంది:
ఓడాయన, రెండు కంచాలు.
"అప్పుంటే మళ్ళీ వస్తావులే."

సాయంత్రం లాంచీ పుస్తకంలో రాశాను:
ఆలస్యం పదకొండు నిమిషాలు. కారణం, ఎదురుగాలి.

మర్నాడు హైదరాబాదు కుటుంబమొకటి దిగి అడిగింది,
మంచి భోజనం ఎక్కడని.
చెయ్యి లేచి, గాలిలో కాసేపు ఆగింది.
అక్కడున్నవి రెండే బల్లలు.
పాత వైపే చాపాను,
వేళ్ళకి ఇంకా మెంతి వాసన.