నీల్లు ఇందాంక

జనవరిల సైక్ ఊరి చలి
ఒంటి మీద కాదు, రోడ్డు కింద మొదలైతది.
పగటి చెమ్మ కాంక్రీటు పగుళ్లల్ల దూరి
రాత్రికి గడ్డకట్టి ఉబ్బుతది.
పొద్దున చూస్తే మోరీ మూతి
పండ్లూడిన ముసలిది.

కింద మస్కట్‌ల ఎవరికి చెప్పినా నవ్వుతరు:
"గల్ఫ్‌ల మంచా? ఏం తాగినవ్ లింబాద్రీ?"
ఏం తాగలే.
తాగుదామంటే గ్లాసుల నీళ్లు
గ్లాసును ఇడువలే, ఎండెక్కేదాంక.

జబల్ అఖ్దర్ దారి మీద
నా వంతుకు నలభై రెండు మోరీలు.
పార, గమేళా, టార్చిలైటు, మోకాళ్లు.
ముళ్లకంప, మేక ఎముకలు, లబన్ డబ్బాలు,
ఒకసారి చిన్నపిల్ల చెప్పు. ఒకటే.
రెండేండ్లుగ చుక్క పడలే,
అయినా నెలనెలా తవ్వుడే.
మొఫిజ్ అంటడు: రాని చుట్టానికి వాకిలి ఊడుస్తున్నం.
మా తాత నీరటి. వింటే తిట్టేటోడు:
నీళ్లొచ్చినంక తీసేది పూడిక కాదురా,
శవాలను.

ఇరవై మూడో మోరీ గొట్టం సన్నం.
ఇంజినీరు సులైమాన్ అల్ రియామీ,
ఈ కొండ మీది దానిమ్మతోటలోళ్ల కొడుకు,
చలిదేశాల పుస్తకం తెచ్చిండు:
గొట్టం లోతుగ పాతాలె, మంచు అందనంత.
వాలు ఉండాలె, నీళ్లు నిలిచి గడ్డకట్టనంత.
"ఆ పుస్తకంల మట్టి ఉన్నది. మనకు బండ" అన్నడు.
ఎంత వెడల్పు పెట్టాల్నో దేనిలనూ లేదు.
పాత వరద కాయితాలు ఎవ్వరి దగ్గరా లేవు.

ఆ పొద్దు, గొట్టం పైగోడకు
ఏండ్ల కింద అంటిన బురద పెచ్చు
మంచుతోని సహా ఊడి నా భుజం మీద పడ్డది.
నా తలకంటె జానెడు ఎత్తున
మేకుతో గీకిన అక్షరాలు:
"నీల్లు ఇందాంక వచ్చినై"
కింద ఒక అడ్డగీత.
పేరు లేదు. తారీఖు సగం రాలిపోయింది.

"ఏ భాష?"
"నాదే."
చదివి చెప్పిన.
సులైమాన్ ఏమనలే. టేపు ఒక కొన
నా చేతుల పెట్టిండు.
అడుగు నుంచి గీత దాంక
రెండు మీటర్ల మీద పది.

మార్చిల గొట్టం పీకి పెట్టెమోరీ కట్టినం,
మొఫిజ్ నిలబడి నడిచేంత.
పాత గోడ కూలగొట్టే ముందు
ఆ ముక్క ఒక్కటి కోయించి
కొత్త గోడల, అదే ఎత్తుల, పెట్టించిన.

ళ రాసేకాడ ల రాసిండు.
దిద్దబుద్ధి కాలే.
పక్కన జానెడు జాగ
ఖాళీగ ఉంచిన.