ఏడు గాట్లు

నా మ్యాజిక్ బండి కోట గుమ్మం కాడికి ఎన్నిసార్లు పోయిందో
దాని టైర్లకే ఎరుక.
ఎక్కినోళ్లు దిగి లోపలికి పోతరు,
నేను వేపచెట్టు నీడల సీటు వెనక్కి వంచి పంట.
లోపల రాజులు, బయట పార్కింగు.
నాది బయటి రాజ్యం.

ఆ ఆదివారం ఓదెలు తాత ఇంటోళ్లు.
పదకొండు మంది, పైన ఇద్దరు సంకపిల్లలు,
పులిహోర గిన్నె, మూత ఊడకుండ కట్టిన తువ్వాల.
ఎల్కతుర్తి కాడ చాయ్ తాగినం.
అక్కణ్నుంచి పిల్లలది ఒకటే లొల్లి:
రాజు ఇల్లు ఎంత పెద్దగుంటది?
మన బడి కన్ననా?
రైస్ మిల్లు కన్న గూడనా?
తాత ఏమనలె.
నలభై ఏండ్లు కరీంనగర్ క్వారీల బండ కొట్టిన మనిషి,
కుడి చూపుడువేలికి గోరు లేదు.

దిగంగనే నా భుజం పట్టిండు.
"నువ్వు రావా?"
"బండి తాతా..."
"ఇంత కోటకే తలుపుల్లేవు, నీ డబ్బాకు కావలెందుకురా?"
నాకు గూడ టికెట్ తీసిండు.

లోపల రాజు ఇల్లు లేదు.
నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు,
పెండ్లయిపోయినంక పందిరి విప్పుకపోయి
గుంజలు మరిచినట్టు.
"మరి రాజు ఏడ పండుతుండె?" అన్నది శ్రీనిధి.
కావలాయన మట్టికోట దిక్కు చెయ్యి ఊపిండు.
ఆడ మక్కచేను, ఈడ బెండతోట,
నడుమ ఎవలదో బర్రె.
రాణి పూలతోట ఆ బెండచెట్ల కిందనే ఉన్నదో ఏమో,
బర్రెకైతే పట్టిలేదు.
కనకవ్వ గట్టు మీద కూలబడి
"తోటంటే తోటనే, ఏది కాస్తేంది" అనుకుంట
కిలో బెండకాయలు బేరం చేసింది.

ఖుష్ మహల్ల సల్లగుండె.
పిల్లలు అరిస్తే గోడలు మల్ల అరిసినయ్.
సంకపిల్ల బెదిరి ఏడ్సింది,
ఆ ఏడుపు గూడ తిరిగొచ్చింది,
ఇంకెవలో ఏడుస్తున్నరనుకొని
చెవులు రిక్కించి ఊకున్నది.

గడ్డి మీద పులిహోర తిన్నం. ఈలేసి లేపిన్రు.
పక్కకు జరిగి మల్ల తిన్నం.
అందరు హంసల కింద నిలవడి ఫొటోలు దిగుతుంటే
తాత కనవడలె.

వెతుకుతే, కూలిన రాళ్ల నడుమ
గొంతుక్కూసొని ఉన్నడు.
ముందట ఒక బండ. దాని మీద హంస లేదు, తామర లేదు,
ఎవలూ ఫొటో దియ్యరు.
వరసగ గాట్లు మాత్రం, బెత్తెడుకొకటి.
గోరులేని వేలు ఒక్కోదాంట్ల పెట్టుకుంట పోతుండు,
ధాన్యం మూటలు లెక్కవెట్టినట్టు.

"ఏడు" అన్నడు.
"వీటిల్ల సీలలు దించి దెబ్బేస్తే
పుచ్చకాయ లెక్క విచ్చుకుంటది.
ఎనిమిదోది మొదలువెట్టి ఆపిండు.
సూడు, ఉలి మొన ఇంతే దిగింది."

"ఎందుకాపిండు తాతా?"

మస్తుసేపు సోంచాయించిండు.
"బువ్వకు పిలిచిన్రేమో."
కొంచెమాగి,
"కూలి ఇయ్యలేదో."
"యుద్ధమొచ్చిందేమో" అన్న నేను.
"యుద్ధమైతే ఉలి ఈన్నే పడేసి ఉరుకు" అన్నడు,
అని, గడ్డి పక్కకు జరిపి
నిజంగనే వెతికిండు.

నేను గూడ వంగి వెతికిన.
ఎందుకో నవ్వు రాలె.

వచ్చేటప్పుడు ఎవలూ మాట్లాడలె, నిద్రలు.
తాత ముందటి సీట్ల, వేలు బనీనుకు తుడుసుకోకుంట
మోకాలి మీద అట్లనే పెట్టుకున్నడు.

తెల్లారి బండి కడుగుతుంటే
సీటు సందుల ఒక బెండకాయ, ఒక పిల్లమువ్వ.
మువ్వ దాచిపెట్టిన, పోయినప్పుడిస్త.

మొన్న మల్ల కోటకు కిరాయి తగిలింది.
పార్కింగ్ల కొత్త పిలగాడు, నర్సంపేట బండి.
"అన్నా, లోపల ఏముంటది?" అన్నడు.
ఇదివరకైతే "రాళ్లు" అని కండ్లు మూసుకునేటోణ్ని.
"ఏడు గాట్లు" అన్న. "ఎనిమిదోది సురువు జేసి ఇడిసిపెట్టిండు."
వానికి సమజ్ కాలె.
"ఆ పడ్డ రాళ్ల ఎనుకకు పో, వేలు పెట్టి సూసిరా.
నీ బండి నేను సూస్త."