ఏడు వందల ముప్పై

సోంపేట స్టేషన్లో రైలు గంటన్నర లేటు.
బెంచీ మీద బ్యాగు, బ్యాగులో కార్డు,
కార్డు మీద నా మొహం.
ఆ ఫొటో నాటికి నాకు రెండు కిడ్నీలు.

అయిదేళ్లలో ఏడు వందల ముప్పై రోజులు
ఆ నేల మీద ఉండాలి.
వరసగా అక్కర్లేదు, తెంపులు తెంపులుగా అయినా ఒప్పుకుంటారు.
దిగిన రోజూ లెక్కే, ఎక్కిన రోజూ లెక్కే.
మా కవిటి షావుకారు కూడా
ఇంత ధారాళంగా లెక్క కట్టడు.
అయినా తప్పాను.

నావి నాలుగు వందల పన్నెండు.
మొదటిసారి దిగి పదిరోజులే ఉన్నాను,
దోహాలో మిగిలిన కాంట్రాక్టు ఏడాదిన్నర తిన్నాది.
తక్కినవన్నీ సస్కటూన్ షెడ్డులో, వెల్డింగు అద్దం వెనక.
ఆదివారాలు బట్టలుతికి, ఎండ లేక, హీటరు మీద ఆరేసుకునేవాణ్ణి.
ఆదివారాలక్కూడా హాజరు వేస్తారు, నయం.

కార్డుకి ఇంకా అయిదు నెలలుంది.
ఇవాళే వెళ్లి కదలకుండా కూర్చున్నా
నూట అరవై ఎనిమిది రోజులు తక్కువ.
వేళ్ల మీద లెక్కపెట్టాను, ఫోన్లో లెక్కపెట్టాను,
టీ కొట్టు గోడ మీద క్యాలెండరు తిప్పి చూశాను.
రోజులు పెరగవు.

హేమక్క ఎప్పుడూ రమ్మనలేదు.
సోమవారం, గురువారం పలాస వెళ్లి
రక్తం కడిగించుకుని బస్సులో తిరిగొచ్చేది.
ఒకరోజు బావ ఒక్క మాటన్నాడు:
"నరం దొరకట్లేదంతన్నార్రా."
ఆ రాత్రే టికెట్ కొన్నాను.

విశాఖలో పెద్ద బల్ల వెనక అయిదుగురు కూర్చున్నారు.
ఎవరైనా బలవంతం చేశారా? లేదండి.
డబ్బు ఇస్తామన్నారా? లేదండి.
ఈమె మీ సొంత అక్క అనడానికి రుజువు?
అక్క తన వేళ్లు చూపించబోయింది.
జీడిపిక్కలు కొట్టీ కొట్టీ
ఆ నూనెకి ముద్రలే అరిగిపోయిన వేళ్లు.
పింఛను మిషన్ కూడా ఆమెను ఎరగనంటుంది.

పరీక్షలకి అయిదు నెలలు, సంతకాలకి మూడు.
కోత తర్వాత నాకు కుట్లు మానాయి, అక్కకి జ్వరాలు మానలేదు.
అలా రెండేళ్లు.
అన్నిటికీ కాగితాలున్నాయి, ఈ బ్యాగులోనే,
డాక్టరు ముద్రలతో, తారీఖులతో.
చివరి రెండు నెలలకి మాత్రం లేవు.
ఎందుకున్నారని అడిగితే
జీడిపూత వాసనకి ఆగిపోయానని
ఏ కాగితం మీద రాయించను?

నా పేరుకి అర్థమేమిటని అక్కడి సూపర్‌వైజరు అడిగాడు.
కూర్మం, తాబేలు అన్నాను. పకపకా నవ్వాడు.
నవ్వితే నవ్వాడు గాని
ఇంటిని వీపున వేసుకు తిరిగేదాన్ని
ఎన్నాళ్లు ఇంట్లో ఉన్నావని ఎవడడుగుతాడు?

నా ఎడమ వైపుది ఇప్పుడు అక్క కుడి వైపున ఉంది.
పొద్దున ఎనిమిదికి ఒకటి, రాత్రి ఎనిమిదికి ఒకటి,
పరాయిదని ఒళ్లు పసిగట్టకుండా మాత్రలు.
ఎన్నాళ్లు డాక్టర్? అని అడిగితే
ఎప్పటికీ, అన్నాడాయన, వేరే ఫైలు చూసుకుంటూ.
అంటే అదీ అక్కడ సొంతమనిషి కాదన్నమాట.
రోజుకి రెండుసార్లు గడువు పొడిగించుకుంటూ
చెప్పిన పని చేసుకుపోతోంది,
తెల్లారీ పొద్దూగీ, ఉప్పూ నీరూ వేరుచేసుకుంటూ.
దాన్ని చూస్తే కొంచెం ధైర్యం.

అక్కడ గాజు గదిలో ఎవరో అడుగుతారు,
ఇన్నాళ్లు బయట ఎందుకున్నారని.
కారణాలు బలమైనవైతే దయ చూడొచ్చట,
చూడకపోవచ్చట.
చొక్కా ఎత్తి చూపించాలా?
జానెడు గీత. దాని మీద తారీఖు లేదు.
ఇంగ్లీషులో రెండు వాక్యాలు వల్లెవేస్తున్నాను,
రెండోది ప్రతిసారీ వేరేగా వస్తోంది.

మైకులో ఇంకో అరగంట అన్నారు.
ఫోను మోగింది. సరిగ్గా ఎనిమిది.

"మాత్రేసుకున్నాన్రా. ఎంత దూరం ఎల్లినావు?"
"సోంపేటలోనే ఉన్నాను అక్కా."
"ఇంకానా!" అంది,
అని, ఫోను పెట్టెయ్యకుండా
వంటింట్లోకి పట్టుకుపోయింది.
గిన్నెల చప్పుడు వింటూ కూర్చున్నాను.